పళ్ళు బిగిసే చోటు

"ఇంటికి తట్టు పోసిందా ఏమిటే?" అంటూ అతను ఇంటినిండా అంటించిన ఎర్రచుక్క స్టిక్కర్లలో అద్దం మీదిదాన్ని గోటితో పీకి పారేశాడు.

"దవడ నొప్పికండీ. వ్యాయామం నేర్పే డాక్టరమ్మ ఇచ్చింది. ఎక్కడెక్కడ పళ్ళు బిగిస్తానో అక్కడల్లా అంటించుకోమంది. చుక్క కనపడగానే పళ్ళు వదులు చెయ్యాలట," అంది భార్య. ఆ నాలుగు మాటలకే చెవి కింద కత్తి దిగినట్టయింది. ఆరు నెలలుగా ఆమె నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోవడం లేదు.

"నీ దవడకు మందు నా దగ్గరుంది."

చెంప ఛెళ్ళుమంది. తల వెళ్ళి బీరువాకు కొట్టుకుంది. నోట్లో రక్తం ఉప్పగా తగిలినా, పక్కింటికి వినపడకూడదని ఆమె ఎప్పట్లాగే పళ్ళు బిగించింది.

అతను కొక్కేనికున్న బెల్టు లాగాడు. దాని బకిల్ మీద ఎర్రచుక్క ఉంది.

"ఇదెవరు అంటించారు?"

మంచం కింద నుంచి నాలుగేళ్ళ కూతురు తల బయటపెట్టింది. "నేనే నాన్నా. అమ్మ పళ్ళు బిగించేది దాన్ని చూసే కదా. పాపం, అక్కడ అంటించడం మర్చిపోయింది."

ఎప్పుడు బిగిస్తావమ్మా అని డాక్టరమ్మ ఎన్నిసార్లడిగినా, "ఏమోనండీ, ఊరికే" అనే చెప్పింది తల్లి.

బెల్టు పాప వైపు లేచింది. చుక్క తల్లి కళ్ళ ముందు ఊగింది.

ఆమె పళ్ళు వదిలింది.

"పిన్నీ! బాబాయ్! తలుపు పగలగొట్టండి, చంపేస్తున్నాడు!"

దవడ కటుక్కుమంది. గోడ అవతల పక్కింట్లో కుర్చీ జరిగిన చప్పుడైంది.

ఆమె మళ్ళీ నోరు తెరిచింది.