పై గదుల మొద్దునిద్ర

మంచినీళ్ళ గ్లాసు గోడకు తగిలి ముక్కలైంది. మాత్ర గచ్చు మీద దొర్లిపోయింది.

"నా గుండె బాగుపడిందని డాక్టరమ్మే చెప్పిందిగా! ఇంకా నన్ను రోగిష్టివాణ్ణి చేస్తావేంటే?" బావ అక్క జుట్టు పట్టి తలను బీరువాకేసి కొట్టాడు.

"మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క మాత్ర వేసుకోండి," అంది అక్క, పెదవి మీది నెత్తురు తుడుచుకోకుండానే.

అడ్డం వెళ్ళిన చెల్లెలికీ ఒక తోపు దక్కింది. బావ తలుపును ఒక్క తన్ను తన్ని తన టైర్ల షాపుకు వెళ్ళిపోయాడు. అక్కడ ఇవాళ ఏ పనివాడికి మూడిందో!

గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటోందని ఆస్పత్రిలో కరెంటు షాక్ ఇచ్చి దాన్ని దారిలో పెట్టారు. మనిషిని దారిలో పెట్టే షాకును మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

సాయానికని వచ్చిన చెల్లెలు ఆ రోజు డాక్టరమ్మ గదిలో అక్క పక్కనే ఉంది.

"లయ కుదిరిందమ్మా. కానీ గుండెలో పై గదులు ఇంకా మొద్దునిద్రలోనే ఉంటాయి. గట్టిగా పిండలేవు. అవి కోలుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా అక్కడ నిలిచిన నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోయిందంటే మనిషి దక్కకపోవచ్చు. అందుకే నెత్తురు పలచన చేసే ఈ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు," అందామె.

అక్క ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. "ఆయనకూ నేనే చెప్తాను" అని డాక్టరమ్మ లేవబోతే, "వద్దండీ, కంగారుపడతారు. నేను చెప్పుకుంటాను," అంది.

చెప్పుకుంది. పొద్దున చెప్పింది, రాత్రి చెప్పింది, ఇరుగుపొరుగు వినేలా ఏడ్చి మరీ చెప్పింది. వినేవాడైతేగా? బావ పెళ్ళైన నాటి నుంచీ ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. గొడుగు తీసుకెళ్ళమంటే తడిసి వచ్చేవాడు. చెప్పినందుకు అక్కకు దెబ్బలు అదనం.

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. గాజుముక్కలు ఏరుతూ, "నిన్ను చంపేస్తాడక్కా. మా ఇంటికొచ్చెయ్," అంది.

"కిందటిసారి వస్తే ఏమైంది? మీ ఆయన చెయ్యి విరగ్గొట్టి నన్ను ఈడ్చుకొచ్చాడు. ఈసారి నీ పిల్లల జోలికొస్తాడే."

"పోనీ, ఆ మాత్ర గొడవైనా వదిలెయ్!"

"ఎలా వదిలేస్తానే?" అంది అక్క, ఇంకో మాత్ర తీస్తూ.

సాయంత్రం బావ గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో, అక్క గ్లాసుతో ఎదురెళ్ళింది. "వేసుకోండి, మీకు పుణ్యముంటుంది."

బావ ఆమె గొంతు పట్టి గోడకు అదిమాడు. అక్క కళ్ళు తేలేసింది. చొక్కా పట్టి లాగిన చెల్లెలి ముక్కు మోచేత్తో పగలగొట్టాడు. మళ్ళీ పిడికిలి ఎత్తాడు. ఎత్తిన పిడికిలి గాల్లోనే సడలి జారిపోయింది. మూతి వంకరపోయింది. ఏదో తిట్టబోయి, మాట రాక, నిలువునా కూలిపోయాడు.

ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

"మహాతల్లి! మాత్ర, మాత్ర అని ఎంత మొత్తుకుందో! రోజూ గోడ అవతల నుంచి వింటూనే ఉన్నాం," అని కళ్ళు తుడుచుకున్నారు ఇరుగుపొరుగు.

అందరూ వెళ్ళాక, అక్క మెడ మీద కమిలిన వేళ్ళ గుర్తులకు మందు రాస్తూ చెల్లెలు భోరుమంది.

"ఎలాగూ వినడని తెలిసి కూడా ఎందుకక్కా అంతగా బతిమాలావు?"

అక్క మిగిలిన మాత్రలను చెత్తబుట్టలో పడేసింది.

"వినడని తెలిసే."