గుంత లేని ముద్ద

“మా ఇంట్లో కూడు తిని మమ్మల్నే నవ్వులపాలు చేస్తివి గదా, పుల్లన్నా!” వెంకటప్ప ఫోను ముందుకు తోశాడు.

పుల్లన్న ఎప్పుడో రాసిన టీవీ కామెడీ సీరియల్ ఎపిసోడ్ అది. అలిగిన భార్య, నడుమ నెయ్యికి గుంత చేయకుండానే రాగిముద్ద వడ్డిస్తుంది. భర్త మాట్లాడకుండా తింటాడు. చనిపోయిన వెంకటప్ప భార్య ఇంద్రాణి అలక అచ్చం అంతే. కింద కామెంట్లలో జనం ఆ భర్తను మొద్దు అంటున్నారు.

“వదినే రాయమనింది అన్నా. టీవీలో చూసైనా ఆమె అలక కనుక్కుంటావని.”

“నాకు తెలుసప్పా! తెలిసే, కోపం చల్లారనీ అని తింటి. నన్ను అడక్కుండా నీతో చెప్పిందా?”

“తెలుసని నువ్వు ఒక్కనాడన్నా ఆమెతో అన్యావా?”

వెంకటప్ప ఫోను వెనక్కి తీసుకున్నాడు. అడిగింది పుల్లన్నే అయినా, ఆ ప్రశ్న ఇంద్రాణి గొంతుతో వినిపించింది.