తెర వెనక చెయ్యి

ఆ రోజు ఇంట్లో ముగ్గురే ఉన్నారు. గుమ్మం దగ్గర కాళ్ళు చాపుకుని నాయనమ్మ, తెర వెనక గదిలో కుట్టుమిషన్ ముందు కోడలు, పక్కనే గుండీలు కుడుతూ ఆమె కూతురు.

గుడ్డసంచి తగిలించుకుని ఒకావిడ వచ్చింది. చెప్పులు అరిగిపోయి ఉన్నాయి. ముందు మంచినీళ్ళు అడిగింది. ఇంటింటి తిండి వివరాలు రాసుకోవడానికి వచ్చానంది.

ఎవరేం తింటారు, ఎన్నింటికి తింటారు, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడుగుతూ పుస్తకంలో రాసుకుంది. పచ్చి బియ్యం నమలాలనిపిస్తుందా అని కూడా అడిగింది.

తెర వెనక కోడలు నోట్లో ఉన్న బియ్యం చప్పుడు కాకుండా మింగి, లేదండీ అంది.

"ఇంక మా పిల్లి ఏం తింటుందో ఒక్కటే మిగిలింది. అదీ రాసుకోమ్మా" అంది నాయనమ్మ.

ఆవిడ నవ్వింది. చెవి మాత్రం తెర వైపే ఉంది.

లోపల మిషన్ నాలుగు కుట్లు నడిచి ఆగుతోంది. మళ్ళీ నాలుగు కుట్లు.

కోడలికి ఈ నీరసం ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే నాయనమ్మే చెప్పింది. రెండేళ్ళుగా ఇదే వరస. పెద్దాసుపత్రిలో ఇలాంటివి కనిపెట్టే డాక్టరమ్మ ఉందట. మూడు నెలల కిందటే చీటీ రాయించారు. వచ్చే నెలలో రమ్మన్నారు.

ఆవిడ తలూపి, కోడలి రక్తం ఒక్క చుక్క కావాలంది.

కోడలి ఒళ్ళో తెల్ల చొక్కాలున్నాయి. వేలికి సూది గుచ్చితే మరక పడుతుంది. పైగా లేచే ఓపిక లేదు.

"నువ్వు పెట్టవే చెయ్యి. ఇద్దరిదీ ఒకటే రక్తం కదా" అంది కూతురి చెవిలో.

తెర సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఆవిడ సూది గుచ్చింది.

లోపల మిషన్ నాలుగు కుట్లు నడిచి ఆగింది.

ఆవిడ ఒకసారి తెర వైపు చూసి, పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత మళ్ళీ వచ్చింది. కోడలితో ఒక్క మాట మాట్లాడాలంది.

"అసలు డాక్టరే చూస్తుందిలే. మధ్యలో నువ్వెందుకు" అని నాయనమ్మ తలుపు వేసేసింది. మళ్ళీ తట్టినా తియ్యలేదు.

చీటీ రోజు వచ్చింది. తల్లిని పట్టుకుని కూతురు ఆసుపత్రికి వెళ్ళింది. పన్నెండు మెట్లకు తల్లి మూడుసార్లు కూర్చుంది.

డాక్టరమ్మ గదిలో అటెండర్ ఒక్కడే సామాన్లు సర్దుతున్నాడు. ఆమె నిన్ననే బదిలీ మీద వెళ్ళిపోయిందని, కొత్తవాళ్ళు ఎప్పుడొస్తారో తెలియదని చెప్పాడు. తిండి లోపాల మీద, రక్తం తక్కువ కావడం మీద ఆమె పరిశోధన చేసిందట. అందులో జబ్బు బయటపడ్డవాళ్ళకు మందులు రాసిపెట్టి వెళ్ళిందట.

వీధి అడిగి, ఆమె వదిలివెళ్ళిన పుస్తకం తిప్పాడు. తల్లి పేరు దొరికింది.

'రక్తం బాగుంది' అని ఉంది. మందుల గడి ఖాళీ.

కింద సన్నటి అక్షరాలు. కూతురే వంగి చదివింది.

'ఈ రక్తం ఆమెది కాదు. చెయ్యి నా దగ్గర ఉండగానే లోపల మిషన్ నడిచింది. మళ్ళీ వెళ్ళాను. తలుపు తియ్యలేదు.'

"ఇది రాసింది... ఆ సంచీ ఆవిడా?"

"ఆ సంచీతో ఇంటింటికీ తిరిగింది డాక్టరమ్మగారేనమ్మా. డాక్టరని తెలిస్తే జనం నిజం చెప్పరని ఎవరికీ చెప్పేవారు కాదు" అంటూ అటెండర్ గది తలుపు మూసేశాడు.