అతిథుల పుస్తకం

"అంతా బాగుందమ్మాయ్. మరి అతిథుల పుస్తకం ఏదీ?"

ఫోను తెర మీద వేలు పైకీ కిందికీ జరుపుతూ అడిగింది వినర్ని. తెర మీదున్నది ఉతారి చేసిన కొత్త వెబ్‌సైటు.

ఇండోనేషియాలోని మలాంగ్‌లో, పులియబెట్టిన సోయా గింజల తెంపె చిప్స్ అమ్మే వీధిలో వినర్నిది పాత దుకాణం. దానికి వెబ్‌సైటు కట్టింది ఆవిడ భర్త సుతోపో. ఇరవై ఏళ్ల కిందట, పుస్తకం ముందేసుకుని, ఒంటివేలితో టైపు చేస్తూ తనంతట తనే నేర్చుకుని కట్టాడు. పసుపుపచ్చ పేజీ, వెలిగి ఆరే ఎర్ర అక్షరాలు, అడుగున ఎంతమంది వచ్చారో చూపించే అంకెలు, వచ్చినవాళ్లు నాలుగు మాటలు రాసి వెళ్లడానికి అతిథుల పుస్తకం. ఆయన పోయి ఏడాదైంది. ఆ సైటు ఫోనులో సరిగ్గా తెరుచుకోవడం లేదని కూతురు సెకార్ కొత్తది చేసే పని ఉతారికి అప్పగించింది.

ఉతారి ఇప్పటి పద్ధతిలోనే చేసింది. ఒకటే పొడుగాటి పేజీ, పెద్ద పెద్ద ఫొటోలు, చుట్టూ బోలెడంత తెల్లటి ఖాళీ, బొటనవేలికి అందేచోట ఆర్డరు బటను. పాతదాన్ని సర్వర్‌లోంచి తుడిచేసింది. తుడిచే ముందు ఆ పుస్తకం కంటబడింది కూడా. నలభై ఏడు ఉత్తరాలు, నలభై ఏడు జవాబులు. ఇవన్నీ ఇప్పుడెవరు చదువుతారులే అనుకుంది. కాపీ అయినా తీసి పెట్టలేదు.

"ఉంది, బు. జాగ్రత్తగా దాచాను. తర్వాత పెడతాను," అంది ఉతారి. 'బు' అంటే అక్కడ 'అమ్మా' అని.

వినర్ని వేలు ఆగింది. "దాచావా? ఎవరికైనా కనపడుతుందా?"

"ఇప్పుడైతే కనపడదు."

"ఆయన జవాబులున్నాయమ్మా అందులో," అంది ఆవిడ. ఉతారి వెళ్లేటప్పుడు చేతిలో చిప్స్ పొట్లం పెట్టింది.

ఆ పొట్లం మూడు రోజులు ఆఫీసు బల్ల మీదే ఉండిపోయింది.

"ఏంటక్కా, రంజాన్ ఇంకా రాలేదుగా, అప్పుడే ఉపవాసమా?" పక్క కుర్చీలోంచి దనార్ ఎగతాళి చేశాడు. ఇద్దరూ కలిసే ఆ చిన్న ఆఫీసు నడుపుతున్నారు.

ఉతారి జరిగింది చెప్పింది. "ఆవిడ రోజూ ఫోన్ చేస్తోంది, దనార్. ఒకటే మాట. పుస్తకం ఎక్కడుంది, ఎవరైనా చూశారా అని. మొగుడి మాటలు, ఆయన పోయి ఏడాదైందో లేదో నా చేత్తో నేను చెరిపేశాను. పైగా అబద్ధం."

దనార్ మొహంలో నవ్వు పోయింది. "సురబయలో పాత సర్వర్ వాళ్లున్నారుగా. వాళ్ల దగ్గర కాపీ ఉంటుందేమో అడుగు."

నాలుగు రోజులు బతిమాలితే కాపీ దొరికింది. ఉతారి దాన్ని తెరవలేదు. అది తను చదవాల్సింది కాదనిపించింది. లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని దుకాణానికి బయల్దేరింది. ముందు తప్పు ఒప్పుకోవాలి, తర్వాతే కాపీ సంగతి చెప్పాలి అనుకుంది.

వినర్ని మూకుడు ముందు నిలబడి వాయ తీస్తోంది.

"నన్ను క్షమించండి, బు. ఆ రోజు అబద్ధం చెప్పాను. పుస్తకం దాచలేదు. తుడిచేశాను."

ఆవిడ గరిటె పక్కన పెట్టి, పొయ్యి ఆపి, కూలబడినట్టు కూర్చుంది. "మొత్తం పోయిందా?"

"పోయిందనే అనుకున్నాను. కానీ పాతవాళ్ల దగ్గర కాపీ దొరికింది. తెచ్చాను."

సంతోషిస్తుందనుకుంది. వినర్ని మొహం పాలిపోయింది.

"సెకార్‌కి చూపించావా?"

"లేదు. నేనే తెరవలేదు."

వినర్ని లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"తప్పు నీది కాదే తల్లీ," అంది మెల్లగా. "ఆ నలభై ఏడు ఉత్తరాలూ రాసింది నేనే."

ఉతారి సంచి కింద పెట్టి ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"సైటు పెట్టి ఆర్నెల్లయినా ఒక్కడూ రాలేదు. అడుగునున్న అంకెలు ఈయన చూసుకున్నప్పుడే కదిలేవి. అన్నం సయించేది కాదు ఆయనకి. ఓ రోజు బజారుకని వెళ్లి, నెట్ సెంటర్‌లో కూర్చుని, ఎక్కడో హాలండ్‌లో ఉన్న రోటర్‌డామ్ నుంచి ఎవరో ఆవిడ రాసినట్టు రాశాను. మీ చిప్స్ కరకర మా వీధి దాకా వినపడింది అని. మర్నాడు ఆయన పాటలు పాడుకుంటూ లేచాడు. ఇక మానలేకపోయాను. ఒకసారి సురబయ టీచర్‌నీ, ఒకసారి బాలిలో హోటలువాణ్నీ అయ్యాను."

"ఆయన అందరికీ జవాబిచ్చేవారా?"

"ఒక్కటీ వదల్లేదు. నాకు దగ్గొచ్చిన వారం రోటర్‌డామ్ ఆవిడకి అల్లం నీళ్లు తాగమని రాశాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి! అంత మంచివాణ్ని చివరిదాకా మోసం చేశాను. ఆస్పత్రి మంచం మీద కూడా, 'రోటర్‌డామ్ ఆవిడ ఈ మధ్య రాయడం లేదేం?' అని నా మొహంలోకి చూస్తూ అడిగాడు. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు రాలేదు."

తల మీది ముసుగు కొసతో మొహం తుడుచుకుంది. "ఆయన జవాబులు ఒక్కసారి చదివి వినిపించు. తర్వాత నువ్వే తీసెయ్. నా పిల్ల కంట పడకూడదు."

ఉతారి లాప్‌టాప్ తెరిచింది. ఉత్తరం ఒక గడిలో, జవాబు ఒక గడిలో ఉన్నాయి. మధ్యలో ఇంకో గడి ఉంది.

"అదేంటమ్మా?"

"సైటు నడిపేవాళ్లు తమకోసం రాసుకునేది, బు. బయటికి కనపడదు."

"అందులోనూ ఏదో రాశాడే. కళ్లజోడు లేదు, చదువు."

మొట్టమొదటి ఉత్తరం పక్కన, ఇరవై ఏళ్ల కిందటి తేదీ వేసి, సుతోపో రాసుకున్నదాన్ని ఉతారి పైకి చదివింది:

"మా ఆవిడే రాసింది, తెలియనట్టే జవాబివ్వాలి."