నల్లబడిన పుడక

మా పేటలో ఇప్పుడు షుగరున్న వాళ్లంతా ఆసుపత్రిలో ఇచ్చే ముక్కుపుడక పెట్టుకుంటారు, మగవాళ్లతో సహా. ముక్కులో బూజు పుడితే, అది కంటికి పాకేలోపే పుడక నల్లబడుతుంది. భర్త పోయినప్పుడు నా పుడక తీయించారు. నాకూ షుగరున్నా, మళ్లీ పెట్టుకోవడానికి మనసొప్పలేదు.

“నలుగురూ ఏటనుకుంటారే?” అన్నాను తోడికోడలు నూకాలుతో.

“ఆ నలుగురూ రేపు నీకు కళ్లిత్తారేటక్కా? నీ మరిది మీసాల మీద పెట్టుకుని తిరగట్లేదేటి?” అంది.

నవ్వొచ్చి పెట్టుకున్నాను.

వానాకాలంలో ఒక పొద్దున పప్పు ఏరుతుంటే, పుడక నల్లబడిందని నూకాలు కేకేసింది. ఆ పూటే ఆసుపత్రిలో బూజు తీసేసి మందు వేశారు. కన్ను దక్కింది.

కొత్త పుడక ఇస్తూ, “సాదాదా, రాయిదా?” అని నర్సమ్మ అడిగింది. రెండూ కిటికీ వెలుగులో పెట్టి తేరిపార చూశాను. రాయిదే తీసుకున్నాను.