బూట్లు లేని సైనికుడు

"అబ్బో! కాళ్లకు బూట్లు కూడా లేకుండా వేశావే! అచ్చం అడవి మనిషే. ఈ ఆలోచన ఎలా వచ్చిందయ్యా నీకు?"

కమిటీ పెద్ద క్రూగ్ బొమ్మ ముందు నిలబడి చేతులు రుద్దుకున్నాడు. వెండెలిన్ కుంచెలు తుడుచుకుంటున్నాడు. పొగిడితే ముడుచుకుపోయే చిత్రకారుణ్ణి క్రూగ్ అంతవరకూ చూడలేదు.

పోస్టరు బొమ్మ నిలువెత్తున ఉంది. ఫ్రెంచి యూనిఫాంలో ఒక ఆఫ్రికా సైనికుడు. నోరు తెరిచి ఉన్నాడు. అతని చేతుల మీద ఒక తెల్లమ్మాయి వాలిపోయి ఉంది. విడిపోయిన జుట్టు కిందికి వేలాడుతోంది. గౌను ఒంటికి అతుక్కుపోయింది. ఆమె చెయ్యి అతని మెడ చుట్టూ ఉంది.

యుద్ధంలో మన జర్మనీ ఓడి ఏడాది దాటింది. రైన్ నదికి అవతలి ఒడ్డు ఫ్రెంచివాళ్ల చేతిలోకి పోయింది. ఇవతల మన్‌హైమ్‌లో గోడలు మాత్రం ఇంకా మనవే. తుపాకులు అప్పగించేశాక మనకు మిగిలింది జిగురూ, కాగితాలే కదా. ఫ్రెంచివాళ్ల మీద జనాన్ని రెచ్చగొట్టడానికి కమిటీ వేయిస్తున్న ఈ పోస్టరు ఆ గోడల కోసమే.

"రెండే మార్పులు," అన్నాడు క్రూగ్. "పళ్లు ఇంకాస్త పొడుగు చెయ్యి. ఇదిగో, ఈ చెయ్యి చూడు. పిల్లే వాణ్ణి పట్టుకున్నట్టుంది. జనం నవ్విపోతారు. స్పృహ లేనట్టు కిందికి వేలాడదియ్యి."

"అలాగే."

"ఇంత తొందరగా ఎలా వేశావు? ఎక్కడైనా చూశావా?"

"ఊహే," అన్నాడు వెండెలిన్ కిటికీ వైపు తిరిగి. "పిల్ల మొహం మార్చేస్తానండీ. మా అమ్మాయి పోలికలు వచ్చేశాయి."

"మార్చావంటే ఊరుకోను! ఆ మొహమే కావాలి. అది చూసి ఊళ్లో ప్రతి తండ్రికీ సొంత కూతురు గుర్తుకు రావాలి. మీ అమ్మాయికి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. బొగ్గు రేపే మీ ఇంటికి వస్తుంది. పందికొవ్వు డబ్బా నా తరఫున."

ఆ బొగ్గు కోసమే వెండెలిన్ ఒప్పుకున్నాడు. కూతురు ఓటీలీకి దగ్గు పట్టుకుని వదలడం లేదు. ఏప్రిల్ వచ్చినా ఇల్లు మంచుగడ్డలా ఉంది. పొయ్యి వెలగకపోతే ఆ పిల్ల ఛాతీ తట్టుకోదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. తండ్రన్నవాడు ఏం చేస్తాడు? వెండెలిన్ ఈ మాటే తనకు తాను పదేపదే చెప్పుకున్నాడు. ఎంత చెప్పుకున్నా లోపల గుచ్చుకునేది గుచ్చుకుంటూనే ఉంది.

క్రూగ్ వెళ్లాక పళ్లు పొడిగించాడు. అమ్మాయి చెయ్యిని మెడ మీంచి తుడిపేశాడు. తుడిపిన చోట మచ్చ మిగిలితే, దాని మీద నల్లరంగు పూశాడు.

ఓటీలీ రోజూ పాసు చూపించి వంతెన దాటి, అవతలి ఒడ్డున మందుల షాపులో పనికి వెళ్తుంది. మర్నాడు ఇంటికి రాగానే పొయ్యి దగ్గర చేతులు కాచుకుంది.

"ఇంత బొగ్గు ఎక్కడిది నాన్నా?"

"ఒక బొమ్మ వేసిచ్చాను. ఏదో సబ్బు కంపెనీకి." నోటికొచ్చింది అనేశాడు. బంగాళాదుంప సూప్ గిన్నెల్లో పోశాడు.

"సబ్బులకైతే వేస్తావు. మరి అతని బొమ్మ వేసిస్తానన్నావు, దాని సంగతి? ఇవాళ కూడా షాపుకొచ్చాడు. నోరు తెరిచి అడగడానికి సిగ్గు. టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు పాపం. వాళ్లమ్మకు పంపుకుంటాడట."

"ఇస్తాను."

"ఇస్తాను, ఇస్తాను! ఎన్నాళ్లు? మా నాన్నకు తీరిక లేదని చెప్పొచ్చాను. నీకోసం అబద్ధాలు కూడా ఆడుతున్నాను చూడు," అని నవ్వబోయి దగ్గింది.

పెళ్లీడు కూతురు ఒక మగవాడి గురించి అలా మాట్లాడితే ఏ తండ్రైనా ఇంకో ప్రశ్న వేస్తాడు. వెండెలిన్ వెయ్యలేదు. తలొంచుకుని సూప్‌లో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు.

శనివారం పొద్దున పోస్టర్లు వెలిశాయి. ట్రాము స్టాపులో, చేపల బజారులో, వంతెన మొదట్లో ఎటు చూసినా అదే బొమ్మ.

"ఇవాళ పనికి వెళ్లకు తల్లీ. చలిగా ఉంది," అన్నాడు వెండెలిన్.

"ఇవాళ వెళ్లకపోతే కుదరదు నాన్నా," అని ఆమె కోటు తగిలించుకుని వెళ్లిపోయింది.

అతను కాసేపు తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆగలేక వెనకాలే పరుగెత్తాడు.

వంతెన దగ్గర గోడ ముందు జనం మూగి ఉన్నారు. ఒక ముసలావిడ శిలువ గుర్తు వేసుకుంది. "ఎవరి కన్నబిడ్డో పాపం! ఆ రాక్షసుడు ఎక్కడికి ఎత్తుకుపోతున్నాడో!" అంది. పక్కనున్నాయన బొమ్మ మీద ఉమ్మేశాడు. వాళ్ల మధ్య ఓటీలీ కదలకుండా నిలబడి ఉంది.

వెండెలిన్ ఆమె భుజం పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది తల్లీ. నిన్ను అడక్కుండా నీ మొహం వేశాను. ఇలా గోడకెక్కించి అందరి ముందూ నిలబెట్టాను. నీకోసమే, ఆ బొగ్గు కోసం..."

ఓటీలీ బొమ్మలోని తన మొహం వంక చూడటం లేదు. సైనికుడి వట్టి కాళ్ల వంక చూస్తోంది. తర్వాత పళ్ల వంక. తర్వాత నల్లరంగు పూసిన మెడ వంక.

"నా మొహానికేం గానీ నాన్నా, అతను ఇవాళే పటాలంతో పాటు ఆఫ్రికాకు ఓడెక్కడానికి వెళ్లిపోతున్నాడు. జనవరి వరదలో నేను కొట్టుకుపోతుంటే బూట్లు విప్పేసి దూకి నన్ను ఒడ్డుకు మోసుకొచ్చినప్పుడు నువ్వు వేసిస్తానన్న బొమ్మ ఇదేనని చెప్పి, దీన్ని చింపి తీసుకెళ్లి ఇచ్చెయ్యనా?"