బావ తెచ్చిన లాప్‌టాప్

"అరవైనాలుగు బిట్లకు ఎక్స్‌పోర్ట్ చేస్తివా? ఈళ్లది పాత కంప్యూటరు, ముప్పైరెండు పెట్టమని రెండుతూర్లు చెప్తిని గదా బావా!"

తమిళనాడులోని సాత్తూరు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ మేనేజరుకు అర్థం కాకుండా తెలుగులో గొణిగింది బృంద. పుల్లలు ఆరబెట్టే గది ఎంత వేడెక్కుతుందో చూపడానికి ఇక్కడి ఉద్యోగం కోసం ఆమె ఆరు నెలలు కూర్చుని చేసిన సిమ్యులేషన్ మోడల్, ఆయన కంప్యూటర్లో తెరుచుకోనేలేదు.

"మరిచిపోతిని," అన్నాడు బావ కుమారవేల్. సంచిలోంచి తన లాప్‌టాప్ తీశాడు. అందులో మోడల్ చక్కగా నడిచింది.

మేనేజరు ముఖం విప్పారింది. "ఎవరు చేశారు తంబీ? ఉద్యోగం వాళ్లకే."

"నేనే సార్," అన్నాడతను తమిళంలో, ఆమె వైపు చూడకుండా.

ఆ లాప్‌టాప్ ఏనాడూ కోవిల్‌పట్టిలోని అతని ఇల్లు దాటింది లేదు. బృంద ఖాళీ సంచి వైపు చూసింది.

"ముప్పైరెండు పెట్టేది మరిచిపోయినోడివి, ఈ లాప్‌టాప్‌ను మాత్రం ఎట్ల మరవకుండా తెస్తివి బావా?"